అమాయకుడా, నిర్దోషా? - పోలీసు ఆరోపణ కథనం, తెలుగు ముస్లిం సాహిత్యంలో యువకుడి 'నేను'

సంగ్రహం: మైనారిటీ యువకులు తీవ్రవాద రాజకీయాల వైపు ఆకర్షితులవుతున్నారనే పోలీసు ప్రకటన సమాచారం మాత్రమే కాదు, ఒక కథనం కూడా. దానికి తనదైన వ్యాకరణం, పాత్రచిత్రణ, ముగింపు ఉన్నాయి. 2007 నాటి హైదరాబాదు ఘటనలను సందర్భంగా తీసుకుని ఆ కథనాన్ని, దానికి సమాంతరంగా నడిచిన తెలుగు ముస్లిం కవిత్వ, కథాసాహిత్యాలను ఈ వ్యాసం కలిపి పరిశీలిస్తుంది. ఆరోపించేవారు, ఖండించేవారు ఇద్దరూ వాడిన 'అమాయక యువకుడు' అనే మాట ఆ యువకుడి రాజకీయ వ్యక్తిత్వాన్ని ఎలా కనుమరుగు చేసిందో చూపడం దీని లక్ష్యం.

కీలక పదాలు: ముస్లింవాద సాహిత్యం, ఆరోపణ కథనం, నేరాంగీకార వాంగ్మూలం, ఉత్తమపురుష, నిర్దోషిత్వం.

1. ప్రస్తావన

తెలుగులో 'నిర్దోషి', 'అమాయకుడు' అనేవి రెండు వేరు మాటలు. నిర్దోషి అంటే మోపిన దోషం లేనివాడు. అతడు తెలివైనవాడు కావచ్చు, కోపిష్ఠి కావచ్చు, ప్రభుత్వాన్ని నిలదీసేవాడూ కావచ్చు. ఆ ఒక్క నేరం మాత్రం చేయలేదు. అమాయకుడు అంటే లోకం తెలియనివాడు, మాయమర్మం ఎరగనివాడు. మొదటిది న్యాయస్థానం తేల్చే స్థితి. రెండోది స్వభావం. నిత్యవ్యవహారంలో ఈ రెండూ ఒకదాని చోట ఒకటి వాడుకలో ఉన్నా, ఈ తేడా చెరిగిపోయిన చోట మనిషికి జరిగే నష్టం చిన్నది కాదు.

మైనారిటీ యువకుల గురించిన బహిరంగ చర్చలో ఈ తేడా చాలాకాలంగా చెరిగిపోయి ఉంది. 'అమాయక యువకులను ఉగ్రవాద సంస్థలు వలలో వేసుకుంటున్నాయి' అనేది పోలీసు ప్రకటనల్లో పరిచితమైన వాక్యనిర్మాణం. 'అమాయక యువకులను అక్రమ కేసుల్లో ఇరికించారు' అనేది దానికి ఎదురుగా నిలిచే నిరసన వాక్యం. రెండు వాక్యాల ఉద్దేశాలు పూర్తిగా విరుద్ధం. కానీ రెండింటిలోనూ విశేషణం ఒక్కటే. మొదటి వాక్యంలో యువకుడు ఇతరుల కుట్రకు పావు. రెండో వాక్యంలో ఇతరుల కుట్రకు బలిపశువు. రెండింటిలోనూ అతడు కర్మ స్థానంలోనే ఉన్నాడు. కర్తగా అతడు ఏమనుకున్నాడు, దేనిమీద కోపగించాడు, ఏ పుస్తకం చదివాడు, ఏ రాజకీయం కోరుకున్నాడు అన్నవి ఏ వాక్యంలోనూ లేవు.

తెలుగు ముస్లిం సాహిత్యం ఈ రెండు వాక్యాల నడుమ ఎక్కడ నిలబడింది? ఆ సాహిత్యంలోని 'నేను' పోలీసు కాగితంలోని 'నేను'కు ఎలా సమాధానం చెప్పింది? ఆ సమాధానానికి ఉన్న హద్దులేమిటి? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

2. సందర్భం

2007 మే 18 శుక్రవారం మధ్యాహ్నం హైదరాబాదు మక్కా మసీదులో జుమా ప్రార్థనల వేళ బాంబు పేలింది. పేలుడులో 9 మంది, ఆ వెంటనే బయట జరిగిన పోలీసు కాల్పుల్లో 5 గురు మరణించారు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో జరిగిన జంట పేలుళ్లలో 40 మందికి పైగా చనిపోయారు. ఈ రెండు ఘటనల తరువాత పాతబస్తీ నుంచి పెద్దసంఖ్యలో ముస్లిం యువకులను పోలీసులు తీసుకువెళ్లారు. హర్కతుల్ జిహాదీ వంటి సంస్థలకు స్థానిక యువకులు చేరువవుతున్నారన్నది ఆనాటి ప్రధాన ఆరోపణ. పలువురిపై కుట్ర వంటి అభియోగాలతో కేసులు నడిచాయి. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన అడ్వొకేట్ కమిషనర్ ఆ యువకులను కలిసి, అక్రమ నిర్బంధాన్నీ చిత్రహింసలనూ తన నివేదికలో నమోదు చేశారు. అభియోగాలు ఎదుర్కొన్నవారిని తరువాత కోర్టులు విడుదల చేశాయి.

తరువాతి పరిణామాలు ఇంకా చిక్కనివి. మక్కా మసీదు కేసు సి.బి.ఐ.కి, 2011లో జాతీయ దర్యాప్తు సంస్థకు వెళ్లింది. 2010 డిసెంబరులో స్వామి అసీమానంద మేజిస్ట్రేటు ఎదుట ఇచ్చిన వాంగ్మూలంతో ఆరోపణ దిశ పూర్తిగా మారింది. ఆయన ఆ వాంగ్మూలాన్ని ఆ తరువాత ఉపసంహరించుకున్నారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక న్యాయస్థానం విచారణ ఎదుర్కొన్న 5 గురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. అంటే ఒకే పేలుడు చుట్టూ రెండు విరుద్ధ ఆరోపణ కథనాలు పుట్టాయి. రెండూ న్యాయస్థానంలో నిలవలేదు. మరణించినవారు మాత్రం అలాగే మిగిలారు.

మరోవైపు, ఇటువంటి ఆరోపణలన్నీ అబద్ధాలని తేల్చడానికీ వీలులేదు. గోకుల్ చాట్, లుంబినీ పార్కు కేసుల్లో 2018 సెప్టెంబరులో ఇద్దరికి మరణశిక్ష పడింది. 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన 5 గురికి 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం మరణశిక్ష విధించింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది. యువకులను హింసవైపు చేర్చుకునే సంస్థలు ఉన్నాయన్నది ఊహ కాదు. అయితే గోకుల్ చాట్, లుంబినీ కేసుల్లో శిక్ష పడినవారు 2007లో పాతబస్తీలో పట్టుబడిన యువకులు కారన్నదీ గుర్తుంచుకోవలసిన వాస్తవమే. అనుమానం, ఆరోపణ, అభియోగం, నిరూపణ అనేవి నాలుగు వేర్వేరు మెట్లు. మొదటి మెట్టు మీద చెప్పిన మాటను నాలుగో మెట్టు మీద చెప్పినట్టు వినడమే ఈ చర్చ మొత్తాన్ని పాడుచేసింది.

3. ఆరోపణ కథనపు వ్యాకరణం

రణజిత్ గుహా 1983లో 'ప్రోజ్ ఆఫ్ కౌంటర్ ఇన్సర్జెన్సీ' అనే ప్రసిద్ధ వ్యాసంలో అధికారుల నివేదికలను కేవలం ఆధారాలుగా కాక వచన రచనలుగా చదివే పద్ధతిని చూపించాడు. ఘటన జరిగిన వెంటనే అధికారి రాసిన మాటలోని దృష్టికోణం ఆ తరువాతి జ్ఞాపకాల్లోకి, చివరికి చరిత్ర గ్రంథాల్లోకి కూడా ఎలా ప్రవహిస్తుందో ఆయన నిరూపించాడు. ఆ పద్ధతిని తెలుగు వార్తాభాషకు అన్వయిస్తే కొన్ని లక్షణాలు స్పష్టమవుతాయి.

మొదటిది క్రియల స్వభావం. 'తెలుస్తోంది', 'సమాచారం', 'భావిస్తున్నారు', 'అనుమానిస్తున్నారు' అనేవి ఇటువంటి వార్తల్లో వాక్యాంత క్రియలు. తెలుస్తున్నది ఎవరికి? భావిస్తున్నది ఎవరు? కర్త లేకుండా వాక్యం నడవడం తెలుగులో సహజమే. ఆ సహజత్వమే ఇక్కడ బాధ్యత నుంచి తప్పుకునే సౌకర్యమవుతుంది. పైగా శీర్షికలోకి వచ్చేసరికి స్థలాభావం వల్ల మొట్టమొదట రాలిపోయేది ఈ సందేహార్థక క్రియే. లోపలి వార్తలో అనుమానితుడైనవాడు పైన శీర్షికలో ఉగ్రవాది అవుతాడు.

రెండోది 'అదుపులోకి తీసుకోవడం' అనే పదబంధం. అరెస్టుకు చట్టంలో నిర్వచనం ఉంది. అరెస్టు చేసిన వ్యక్తిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం నిర్దేశిస్తోంది. వార్తల్లోని 'అదుపు'కు అటువంటి గడియారం లేదు. ఒక మనిషి ఇంటినుంచి మాయమై అధికారికంగా అరెస్టు అయ్యేదాకా గడిచే కాలమంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతుంది. అడ్వొకేట్ కమిషనర్ నివేదిక ప్రధానంగా నమోదు చేసింది ఈ కాలాన్నే. వార్తాభాష ఒక్క పదంతో దాటేసిన వ్యవధిలోనే ఆ యువకుల అసలు కథ ఉంది.

మూడోది 'ఆకర్షణ' అనే భావన. 'ఆకర్షితుడై', 'ప్రేరేపితుడై', 'లోనై' వంటి క్త్వార్థక రూపాలు యువకుడి మనసులో జరిగినదాన్ని ప్రధాన క్రియకు ముందే జరిగిపోయిన వాస్తవంగా చూపిస్తాయి. ఒక వస్తువు దొరికిందన్న ఆరోపణను పరీక్షించవచ్చు. ఒక మనిషి ఒక భావానికి లోనయ్యాడన్నదాన్ని పరీక్షించేదెలా? చదివిన కరపత్రం, విన్న ప్రసంగం, పెంచిన గడ్డం, నమాజుకు వెళ్లే మసీదు, కలిసి తిరిగిన మిత్రుడు - ఇవన్నీ ఆకర్షణకు గుర్తులుగా మారతాయి. నిత్యజీవితంలోని మామూలు వివరాలు ఏరి కూర్చితే పాత్ర తయారవుతుంది. ఇది కథకుడి పని. అందుకే దాన్ని కథనశాస్త్ర దృష్టితో చూడక తప్పదు.

4. రెండు ఉత్తమపురుషలు

పోలీసు కథనంలో అత్యంత విచిత్రమైన భాగం నేరాంగీకార వాంగ్మూలం. అది ఉత్తమపురుషలో ఉంటుంది. 'నేను ఫలానా చోట పుట్టాను, ఫలానా బడిలో చదివాను, ఫలానా వ్యక్తి పరిచయమయ్యాడు' అనే క్రమంలో సాగుతుంది. రూపంలో అది ఆత్మకథ. రాసేది మాత్రం మరొకరు. పాతబస్తీ యువకుడి ఇంటిభాష దక్కనీ ఉర్దూ. కేసు కాగితాల భాష సాధారణంగా ఇంగ్లీషు లేదా తెలుగు. కాబట్టి ఈ 'నేను'లో పరాయి చేయి మాత్రమే కాదు, పరాయి భాష కూడా ఉంది. చౌరీచౌరా ఘటనపై షాహిద్ అమీన్ 1995లో ప్రచురించిన గ్రంథం అప్రూవర్ సాక్ష్యాన్ని ఇలాగే ఒక రచనగా విశ్లేషించింది: ప్రభుత్వానికి కావలసిన కథను నిందితుడి నోట, నిందితుడి జీవితవివరాలతో చెప్పించడం ఆ రూపపు ప్రత్యేకత.

భారతీయ చట్టం ఈ 'నేను'ను మొదటినుంచీ అనుమానంగానే చూసింది. 2024 దాకా అమలులో ఉన్న 1872 సాక్ష్యచట్టం 25వ సెక్షను ప్రకారం పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం నిందితుడికి వ్యతిరేకంగా చెల్లేది కాదు. టాడా, పోటా చట్టాలు ఈ నియమాన్ని సడలించి, నిర్దిష్ట హోదాగల పోలీసు అధికారి నమోదు చేసిన అంగీకారాన్ని సాక్ష్యంగా అనుమతించాయి. 2007 నాటికి ఆ రెండు చట్టాలూ అమలులో లేవు. అంటే కోర్టులో ఆ వాంగ్మూలానికి విలువ లేదు. కానీ పత్రికా సమావేశానికి 25వ సెక్షను లేదు. న్యాయస్థానం గడప దాటలేని 'నేను' మరునాటి పత్రికలో ఇంటింటికీ చేరుతుంది. యువకుడు విడుదలై వచ్చేనాటికి అతని పేరుమీద ఒక ఆత్మకథ అప్పటికే ప్రచారంలో ఉంటుంది.

ఈ నేపథ్యంలో చూస్తే తెలుగు ముస్లిం సాహిత్యం ప్రధానంగా ఉత్తమపురుషలో ఎందుకు నడిచిందన్న ప్రశ్నకు కొత్త సమాధానం దొరుకుతుంది. అస్తిత్వవాద సాహిత్యాలన్నింటిలో 'నేను' ఉన్నదని, దళిత, స్త్రీవాద కవిత్వాల ఒరవడిలోనే ముస్లింవాద కవిత్వమూ వచ్చిందని విమర్శ సాధారణంగా చెబుతుంది. అది నిజమే గాని సగం నిజం. ముస్లిం కవికి తన 'నేను'ను ప్రకటించడమే కాక, తన పేరుమీద మరొకరు రాసిన 'నేను'ను చెరిపివేసే పని కూడా ఉంది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991) దీర్ఘకవిత ఈ పనికి ఆరంభం. అనుమానం ఒక చర్యను బట్టి గాక పుట్టుకను బట్టి వచ్చిందన్నదే ఆ శీర్షికలోని ధ్వని. పుట్టుమచ్చ మనిషి చేసుకున్నది కాదు, చెరుపుకోగలిగిందీ కాదు. పోలీసు దస్తావేజుల్లో మనిషి ఆనవాలుగా రాసేదీ దాన్నే. బాబ్రీ మసీదు కూల్చివేతకు ముందే, హైదరాబాదు పేలుళ్లకు 16 ఏళ్ల ముందే ఈ కవిత వచ్చిందన్నది గమనించదగిన విషయం. ఆరోపణ కథనం ఘటనల వల్ల పుట్టలేదు. ఘటనల కోసం సిద్ధంగా ఉంది.

5. తెలుగు సాహిత్యంలో పూర్వరంగం

పోలీసు ఆరోపణను సాహిత్యవస్తువుగా తీసుకోవడం తెలుగుకు కొత్త కాదు. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' ఈ విషయంలో పెద్ద ఒరవడి. 'మాయ' కథలోని ముత్యాలమ్మ సారా కేసులో నిందితురాలు. పోలీసులకు, ప్లీడర్లకు, కోర్టుకు మధ్య నడిచే వ్యవహారం ఆమెకు తన ప్లీడరు కన్నా బాగా తెలుసు. ఆమె బాధితురాలే గాని అమాయకురాలు కాదు. కథకు బలం అక్కడే ఉంది. తనమీద కేసు పెట్టిన వ్యవస్థను విశ్లేషించే తెలివి నిందితురాలికే ఇవ్వడం రావిశాస్త్రి సాధించిన గొప్ప విషయం. అయితే ఆమెమీద ఆరోపణ ఒక చర్యకు సంబంధించినది. చేసిందా లేదా అన్నదే ప్రశ్న. భావానికి సంబంధించిన ఆరోపణ అక్కడ లేదు.

భావాన్నే నేరంగా చూపిన ఉదాహరణ 1974 నాటి సికింద్రాబాదు కుట్రకేసు. వరవరరావు, చెరబండరాజు, కె.వి. రమణారెడ్డి, ఎం.టి. ఖాన్ తదితర విరసం రచయితలు అందులో నిందితులు. రచనల ద్వారా, ప్రసంగాల ద్వారా యువకులను సాయుధ రాజకీయాల వైపు పురికొల్పారన్నది ఆరోపణ. కవితలు సాక్ష్యాలుగా కోర్టుకు చేరాయి. సుమారు 15 ఏళ్ల తరువాత 1989లో ఆ కేసు వీగిపోయింది. 'ఆకర్షణ' అనే భావన తెలుగునేలమీద పాతబస్తీకన్నా ముందే పోలీసు కథనంలో స్థిరపడిందని ఈ కేసు తెలియజేస్తుంది.

రెండు సందర్భాల మధ్య పోలిక ఎంత ముఖ్యమో భేదమూ అంతే ముఖ్యం. సికింద్రాబాదు కేసులో నిందితులు రచయితలు. తమ భావాలను వారు దాచలేదు. కోర్టులోనూ బయటా వాటిని సమర్థించుకున్నారు. వారికి సంస్థ ఉంది, పత్రిక ఉంది, పాఠకులు ఉన్నారు. వరవరరావు జైలులేఖలు 'సహచరులు'గా పుస్తకరూపం పొందాయి. పోలీసు రాసిన 'నేను'కు పోటీగా వారు తమ 'నేను'ను రాసుకోగలిగారు. వారిని ఎవరూ అమాయకులు అనలేదు. అనవలసిన అవసరమూ కలగలేదు. నిర్దోషులనే అన్నారు. 2007లో పట్టుబడిన యువకులకు ఈ వసతి లేదు. వారి పక్షాన మాట్లాడినవారు ముందుగా వారు ఏ భావమూ లేనివారని చెప్పవలసి వచ్చింది. ఒక సమాజానికి రాజకీయాభిప్రాయం కలిగి ఉండే హక్కు ఎంత ఉందో తెలుసుకోవడానికి ఈ తేడా మంచి కొలమానం.

6. ఆగ్రహం నుంచి అమాయకత్వానికి

1992 డిసెంబరు 6 తరువాత తెలుగు ముస్లిం యువకుల్లో రగిలిన ఆగ్రహానికి ఒక బహిరంగ చిరునామా ఉంది. అది కవిత్వం. స్కైబాబా సంపాదకత్వంలో వచ్చిన 'జల్‌జలా' (1998), గుజరాత్ మారణకాండ అనంతరం అన్వర్, స్కైబాబాల సంపాదకత్వంలో వెలువడిన 'అజాఁ' (2002) సంకలనాలు ఆ చిరునామాను చూపిస్తాయి. జల్‌జలా అంటే భూకంపం. అజాఁ అంటే ప్రార్థనకు పిలుపు. రెండు శీర్షికల్లోనూ కదలిక ఉంది, పిలుపు ఉంది. ఆ కవితల్లోని 'నేను' నిలదీస్తుంది, ఎద్దేవా చేస్తుంది, తన దేశభక్తికి రుజువులు అడిగేవారినే రుజువులు అడుగుతుంది. షాజహానా 'నఖాబ్' (2005) ఈ ధోరణిని మరో అడుగు ముందుకు తీసుకువెళ్లింది. మెజారిటీ మతోన్మాదాన్నీ సొంత సమాజంలోని పురుషాధిక్యాన్నీ ఏకకాలంలో ప్రశ్నించే 'నేను' అది. యువతీయువకులు రాజకీయంగా చైతన్యవంతులు కావడం, కలిసి సంకలనాలు తేవడం, ఒక ఉద్యమంలో చేరడం - ఇవన్నీ ఇక్కడ జరిగాయి. పోలీసు కథనానికి తెలియని రాజకీయ 'చేరిక' ఇది. తీవ్రమైన అసంతృప్తికి బాంబు తప్ప మరో గమ్యం లేదన్న భావనను ఈ సాహిత్యం తన ఉనికితోనే ఖండిస్తుంది.

2007 తరువాతి కథాసాహిత్యంలో స్వరం మారింది. ఈ మార్పుకు ప్రాతినిధ్యం వహించే కథ వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'. అదే పేరుతో వచ్చిన సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. కొడుకు శుక్రవారం నమాజుకు తప్పక వెళ్లాలని పట్టుబట్టే పల్లెటూరి తల్లి, మక్కా మసీదు పేలుడు తరువాత మసీదుకు వెళ్లవద్దని ప్రాధేయపడటం ఆ కథకు ఆయువుపట్టు. విశ్వాసం తల్లి నోటినే భయంగా మారిన ఆ క్షణాన్ని షరీఫ్ ఏ వ్యాఖ్యానమూ లేకుండా నిలబెట్టాడు. ఆరోపణ కథనంలో మసీదు యువకులు 'ఆకర్షితులయ్యే' చోటు. ఈ కథలో మసీదు యువకులు చనిపోయే చోటు. సాక్ష్యాల గురించి ఒక్క మాటా వాదించకుండా కథ స్థలానికి అర్థాన్నే మార్చింది. పేలుడులో మరణించింది ప్రార్థనకు వచ్చినవారేనన్న సాధారణ సత్యాన్ని, వార్తల హోరులో కొట్టుకుపోయిన ఆ సత్యాన్ని, తల్లి భయం ద్వారా తిరిగి ముందుకు తెచ్చింది.

'జుమ్మా' గొప్పదనాన్ని అంగీకరిస్తూనే ఒక ప్రశ్న వేయవలసి ఉంది. 'జల్‌జలా'లో మాట్లాడిన కోపోద్రిక్త యువకుడు ఇక్కడ ఏమయ్యాడు? కథనకేంద్రం తల్లి దగ్గరికి, ఇంటి దగ్గరికి జరిగింది. స్కైబాబా 'అధూరే' (2011) కథలు కూడా ప్రధానంగా ముస్లిం కుటుంబాల బీదరికాన్ని, స్త్రీల జీవితాలను చిత్రిస్తాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' (1999) నుంచే ఇంటి లోపలి జీవితం తెలుగు ముస్లిం కథకు బలమైన వస్తువు. కాబట్టి ఈ మార్పును 2007 ఒక్కదానికే ముడిపెట్టడం తగదు. కవిత్వానికీ కథకూ ప్రక్రియాపరంగా ఉండే భేదమూ ఇందులో ఉంది. అయినా ఆరోపణ ఒత్తిడి పనిచేసిన తీరు గుర్తించదగినది. అనుమానం పెరిగినకొద్దీ సాహిత్యంలో ముస్లిం పాత్ర ఎవరికీ హాని చేయనిదిగా, ఎవరినీ నొప్పించనిదిగా కనిపించవలసిన అవసరం పెరుగుతుంది. పాఠకుడి సానుభూతి పొందాలంటే పాత్ర కన్నీరు పెట్టాలి. కోపగిస్తే పాఠకుడు పోలీసు కథనాన్ని గుర్తు చేసుకుంటాడేమోనన్న శంక రచనను లోలోపలే నియంత్రిస్తుంది. ఆ శంక రచయిత దోషం కాదు. ఆ శంక పుట్టిన వాతావరణాన్ని గుర్తించకపోవడం మాత్రం విమర్శ దోషమే.

7. నిర్దోషిత్వ పత్రం

ఈ చర్చలో సాహిత్యేతర పాఠ్యం ఒకటి ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. 2011-12 కాలంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అక్రమ నిర్బంధానికి గురైన సుమారు 70 మంది యువకులకు నష్టపరిహారం ప్రకటించింది. కోర్టుల్లో విడుదలైనవారికి పరిహారంతోపాటు సత్ప్రవర్తన ధ్రువపత్రాలనూ అందించింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది.

సత్ప్రవర్తన ధ్రువపత్రం అనేది చిన్న కాగితమే అయినా దాని అర్థం లోతైనది. న్యాయస్థానం నిర్దోషిగా ప్రకటించిన తరువాత మరో పత్రం అవసరమైందంటే, న్యాయస్థానం తీర్పు సమాజంలో చెల్లుబాటు కావడం లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఇల్లు అద్దెకు ఇచ్చేవాడికి, ఉద్యోగం ఇచ్చేవాడికి, పిల్లనిచ్చేవాడికి చూపడానికి అది పనికిరావచ్చు. కానీ అటువంటి పత్రం ఉండటమే ఆ వ్యక్తి ఒకప్పుడు అనుమానితుడని చాటుతుంది. చెరిపివేయబోయిన పుట్టుమచ్చను కాగితం మరింత ప్రస్ఫుటం చేసింది. పైగా సత్ప్రవర్తన అనే మాట మళ్లీ స్వభావానికి సంబంధించినదే. అతడు ఆ నేరం చేయలేదని చెప్పడంతో ప్రభుత్వం ఆగలేదు. అతడు మంచివాడని కూడా చెప్పవలసి వచ్చింది. నిర్దోషి అమాయకుడిగా మారితే తప్ప బయటికి రాలేని స్థితి అది.

2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక, ముస్లింలు ఒకవైపు దేశద్రోహులుగా, మరోవైపు బుజ్జగింపు పొందుతున్నవారుగా ఏకకాలంలో ముద్రపడి రెండింతల భారం మోస్తున్నారని వ్యాఖ్యానించింది. మక్కా మసీదు యువకుల విషయంలో ఈ రెండు ముద్రలూ ఒకే మనిషి మీద వరుసగా పడ్డాయి. అరెస్టు నాడు మొదటి ముద్ర, పరిహారం నాడు రెండో ముద్ర.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. యువకుల 'ఆకర్షణ' గురించిన పోలీసు ప్రకటన నిజమైనా కాకపోయినా అది కథనరూపంలోనే ప్రజలకు చేరుతుంది కాబట్టి, దాన్ని పాఠ్యంగా చదవడం సాహిత్య విమర్శ పరిధిలోని పనే. విమర్శ న్యాయస్థానం కాదు. ఎవరు దోషులో తేల్చలేదు. అనుమానానికీ నిరూపణకూ మధ్య ఉన్న దూరాన్ని భాష ఎక్కడ మింగివేసిందో మాత్రం చూపగలదు. ఆ దూరాన్ని కాపాడటం నిందితుడి కోసం ఎంత అవసరమో, పేలుళ్లలో మరణించినవారి కోసమూ అంతే అవసరం. తప్పు మనిషి చుట్టూ అల్లిన కథ అసలు నేరస్థుడికి కవచమవుతుంది.

రెండోది, తెలుగు ముస్లిం సాహిత్యంలోని 'నేను'ను ఆవేదన అనే ఒక్క మాటతో సరిపెట్టడం చాలదు. అది తన పేరుమీద ఇతరులు రాసిన వాంగ్మూలానికి ఇచ్చిన ప్రతివాంగ్మూలం. అందులో ఆగ్రహం, ఎగతాళి, ఆత్మవిమర్శ ఉన్నాయి. వాటిని పక్కనబెట్టి కన్నీటిని మాత్రమే ప్రశంసించే విమర్శ, తెలియకుండానే, అమాయకుడికే సానుభూతి ఇస్తానన్న షరతును బలపరుస్తుంది.

మూడోది, ఈ సాహిత్యంలో ఇంకా భర్తీ కావలసిన ఖాళీ. పట్టుబడి విడుదలైన యువకుడు తన కథను తానే, తన భాషలో, తన రాజకీయాభిప్రాయాలతో సహా చెప్పిన రచనలు ఇక్కడ పరిశీలించిన వాటిలో లేవు. అతని రాజకీయం గురించి పోలీసు భాష ఒక్కటే మాట్లాడుతుంటే, మిగిలినవారంతా అతనికి రాజకీయమే లేదని చెబుతుంటే, ఆ రంగం పూర్తిగా ఆరోపణ కథనానికే దక్కుతుంది. కోర్టు తీర్పులను, అడ్వొకేట్ కమిషనర్ నివేదికను, దక్కనీ ఉర్దూలో ఇప్పటికీ మౌఖికంగానే ఉన్న జ్ఞాపకాలను సేకరించి తెలుగు ముస్లిం సాహిత్య అధ్యయనంలో భాగం చేయడం పరిశోధకుల ముందున్న పని. రావిశాస్త్రి ముత్యాలమ్మకు ఇచ్చిన తెలివిని, జల్‌జలా కవులు తమకు తాము ఇచ్చుకున్న కోపాన్ని, ఆ యువకుడికీ ఇవ్వగలిగిన కథ వచ్చిన నాడు అతడు అమాయకుడు కానక్కరలేదు. నిర్దోషి అయితే చాలు.